నడిమి కాగితం ఊడింది, పిన్ను లేచింది: ఒక సెంటర్ పిన్నింగ్ జాబు కేస్ స్టడీ

జాబు ఇది. బడి పిల్లల వర్క్‌బుక్కులు, లోపల 80 పేజీలు 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం, కవరు 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, సైజు ఇంచుమించు ఎ4, రెండు పిన్నులతో సెంటర్ పిన్నింగ్ (పుస్తకాన్ని మధ్య మడత మీద పిన్నులతో కుట్టడం), టైటిల్‌కి 60 వేల కాపీలు. విజయవాడలో మే నెలలో బైండింగ్ పని చేసేవాళ్లకి ఈ లెక్క వినగానే మిగతాది అర్థమైపోతుంది. జూన్ 12కి బళ్లు తెరుస్తారు, దానికి ముందే సరుకు ఊళ్లకి చేరిపోవాలి, ఊళ్లో ఉన్న ప్రతి ఫోల్డింగ్ మెషినూ ప్రతి కట్టింగ్ మెషినూ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి.

మొదటి లాటు పోయాక పార్టీ (జాబు ఇచ్చినవాళ్లు) నుంచి ఫోను. "మధ్య పేజీలు చేతికొచ్చేస్తున్నాయండీ, లోపల పిన్ను వేలికి గుచ్చుకుంటోంది." ఒక్క ఊపిరిలో చెప్పిన మాట కాబట్టి బైండింగ్‌లో అందరూ దాన్ని ఒకే కంప్లయింటుగా తీసుకున్నారు: పిన్ను సరిగ్గా పడటం లేదు. కానీ అవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని పెంచుతూ వచ్చింది. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నా. సెంటర్ పిన్నింగ్‌లో వచ్చే గొడవల్లో చాలా భాగం ఇలాగే ఉంటాయి. పిన్ను పాడైందంటే అందరి చేతులూ పిన్ను వేసే స్టిచ్చింగ్ హెడ్ మీదకే పోతాయి. హెడ్ దాకా రాకముందే కాగితానికి ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూసేవాళ్లు తక్కువ.

మెషిన్ చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. మడత పెట్టిన ఫారాలు (ఒక పెద్ద ప్రింటు షీటుని మడిస్తే వచ్చే పేజీల సెట్లు) వరుసగా ఉన్న ఫీడర్లలో ఉంటాయి. ఒక్కో ఫీడరు ఒక్కో ఫారాన్ని కిందకి లాగి, సరిగ్గా మధ్యలో విప్పి, కింద కదులుతున్న గొలుసు మీద గుర్రమెక్కినట్టు కూర్చోబెడుతుంది. ముందు పడేది లోపలి ఫారం, దాని మీద తర్వాతది, దాని మీద ఇంకోటి, చివర కవరు. మా జాబులో 16 పేజీల ఫారాలు ఐదు. అన్నిటికన్నా లోపలిది 33 నుంచి 48 పేజీలున్న ఫారం, బయటిది 1 నుంచి 8, 73 నుంచి 80 ఉన్న ఫారం. గొలుసు మీదున్న పుషర్లు ఈ మొత్తాన్ని తోసుకుంటూ హెడ్ల కిందకి తెస్తాయి. హెడ్ వైరుని కోసి, యూ ఆకారంలో వంచి, వెన్ను మీద నుంచి లోపలికి దించుతుంది. కింద నుంచి క్లించర్ లేచి ఆ రెండు కాళ్లని లోపలికి మడిచి పడుకోబెడుతుంది. అక్కడి నుంచి మూడు కత్తుల ట్రిమ్మర్: ముందు ఎదురు అంచు (వెన్నుకి ఎదురుగా ఉండేది), తర్వాత తల, అడుగు.

ఫారాన్ని మధ్యలో విప్పడానికి ఒక అంచు రెండోదానికన్నా కొంచెం బయటికి ఉండాలి, దాన్నే మేం ల్యాప్ అంటాం. ఈ జాబులో 10 మిల్లీమీటర్లు ఇచ్చారు, అది బాగానే ఉంది. ల్యాప్ లేకుండా ప్లేట్లు వేయించుకుని వచ్చి వాక్యూమ్ మీద విప్పమనే పార్టీలు ఉన్నారు. విప్పొచ్చు, కానీ స్పీడు సగానికి పడిపోతుందని ముందే చెప్పాలి.

ముందు పుస్తకాలు విడదీశాం

వెనక్కి వచ్చిన పుస్తకాలన్నీ బల్ల మీద వేసి రెండు గుట్టలు పెట్టమన్నాను. తల వైపు పిన్ను దగ్గర చెడినవి ఒక గుట్ట, అడుగు వైపు పిన్ను దగ్గర చెడినవి ఒకటి. చూడటానికి చిన్న పనే గానీ కేసు సగం అక్కడే తేలిపోయింది. మధ్య కాగితం ఊడినవన్నీ తల వైపు గుట్టలోకే వెళ్లాయి. వేలికి గుచ్చుకునే కాళ్లన్నీ అడుగు వైపు గుట్టలోకి. రెండూ కలిసిన పుస్తకాలు అరుదు. ఒకే కారణం అయితే ఇలా విడిపోదు. మెషిన్ మీద రెండు హెడ్లు ఉంటాయి కాబట్టి ఎప్పుడు పిన్ను కంప్లయింట్ వచ్చినా ఏ హెడ్ పిన్ను అని మొదట అడగాలి. చాలాచోట్ల అసలు ఎవరూ అడగరు.

తల వైపు గుట్టలో ఒక పుస్తకం తీసి 40, 41 పేజీల దగ్గర విప్పాను. 80 పేజీల పుస్తకానికి నట్టనడుమ ఉండేది ఆ జతే. ప్లేటు చుక్కలు చూసే భూతద్దం పెట్టి చూస్తే పిన్ను రంధ్రాలు మడత గీత మీద లేవు. మడతకి ఒక మిల్లీమీటరు పక్కన, 41వ పేజీ వైపు పడ్డాయి. ఆ రంధ్రం కూడా గుండ్రంగా లేదు, మడత దాకా సాగి చీలికలా ఉంది. కాగితం మీద పిన్ను కాలు పడుకున్న చోట గాడి పడింది, దాదాపు కోసినట్టు. అదే పుస్తకంలో బయటి ఫారం విప్పి 8వ పేజీ దగ్గర చూస్తే రంధ్రాలు చక్కగా మడత మీదే ఉన్నాయి. అంటే పిన్ను పడాల్సిన చోటే పడింది. బయటి నాలుగు ఫారాలు సరిగ్గానే కూర్చున్నాయి. లోపలి ఫారం ఒక్కటే, అది కూడా తల వైపు మాత్రమే, కూర్చోవాల్సిన చోట కూర్చోలేదు.

లోపలి ఫారాన్నే తిప్పి తిప్పి చూస్తే తల దగ్గర వెన్ను మూలలో సన్నటి ముడత కనపడింది. అక్కడి నుంచి రెండు మూడు అంగుళాల దాకా వెన్ను పదునుగా లేదు, ఉబ్బినట్టుగా ఉంది. చేత్తో నొక్కితే గాలి కదులుతున్నట్టు తెలుస్తోంది.

అంటే సంగతి మొదలైంది స్టిచ్చింగ్ దగ్గర కాదు, ఫోల్డింగ్ దగ్గర.

ఫోల్డింగ్ దగ్గర ఏం జరిగింది

16 పేజీల ఫారం మూడు మడతల్లో తయారవుతుంది. పెద్ద షీటు మొదట అడ్డంగా సగానికి, రెండో మడత తల దగ్గర, మూడో మడత వెన్ను. రెండో మడత పడేసరికి తల మూసుకుపోతుంది. మూడో మడత పడేటప్పుడు పొరల మధ్య ఉన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు, లోపలి పొరలు నలిగి వెన్ను మూలలో ముడత పడుతుంది. దానికోసమే మొదటి మడత అయ్యాక షీటు బయటికి వచ్చే షాఫ్ట్ మీద పర్ఫరేషన్ చక్రం పెడతారు. తల మడత పడబోయే గీత మీద అది సన్నగా తూట్లు వేస్తుంది, గాలి వాటిలోంచి పోతుంది. తల ఎలాగూ ట్రిమ్మర్‌లో కోసేస్తాం కాబట్టి ఆ తూట్ల గుర్తు పుస్తకంలో మిగలదు.

మా జాబులో చక్రం ఉంది, తిరుగుతోంది కూడా. కానీ పళ్లు అరిగిపోయి, తూటు పడాల్సిన చోట ఒత్తిన గుర్తు మాత్రమే పడుతోంది. "అన్నా, చూడ్డానికి గీత కనపడుతోంది కదా అని వదిలేశాం" అన్నాడు ఫోల్డింగ్ అబ్బాయి. అతని మాటలో న్యాయం ఉంది. షీటుని బల్ల మీద పెట్టి చూస్తే గీత కనిపిస్తుంది. లైటుకి ఎదురుగా పట్టుకుని చూస్తేనే తూటు పడిందో లేదో తెలుస్తుంది. అప్పటి నుంచి మా దగ్గర ప్రతి ఫారం మొదటి షీటుని ట్యూబులైటుకి పట్టి చూడటం అలవాటు చేశాం.

దీనికి తోడు కాగితం గ్రెయిన్, అంటే కాగితంలో నార పోగులు పడుకున్న దిశ. ఈ సైజు 16 పేజీల షీటులో వెన్ను మడత షీటు పొట్టి వైపుకి సమాంతరంగా వస్తుంది. మార్కెట్లో మామూలుగా దొరికే షీట్లలో గ్రెయిన్ పొడుగు వైపు ఉంటుంది. అంటే గ్రెయిన్ వెన్నుకి అడ్డంగా పడుతుంది. అలాంటి కాగితం మడత పెడితే తిరిగి విచ్చుకోవాలని చూస్తుంది, వెన్ను పదునుగా నిలబడదు. బయటి ఫారాలకి ఇది పెద్దగా తేడా చేయదు, ఎందుకంటే లోపలున్నవి వాటికి ఆధారంగా ఉంటాయి. లోపలి ఫారం మాత్రం నేరుగా గొలుసు మీద కూర్చోవాలి. వెన్ను ఉబ్బి ఉంటే అది శిఖరం మీద నిలవకుండా ఒక పక్కకి జారుతుంది. 33 నుంచి 48 ఉన్న ఫారమే దెబ్బతినడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక సలహా వచ్చింది, అది తప్పు అని గట్టిగా చెప్పాలి. "వెన్ను మడత మీద కూడా పర్ఫరేషన్ వేయిద్దాం, మడత బాగా పడుకుంటుంది" అన్నారు. పర్ఫెక్ట్ బైండింగ్‌కి వెన్ను మీద తూట్లు వేస్తారు, అక్కడ గమ్ము లోపలికి దిగాలి కాబట్టి. సెంటర్ పిన్నింగ్‌లో ఆ వెన్నే పుస్తకాన్ని పట్టుకుని ఉంచేది. పిన్ను పడే గీత మీదే తూట్లు వేస్తే స్టాంపు చింపినట్టు చిరుగుతుంది. తల మీద వేయండి, వెన్ను మీద మాత్రం వద్దు.

కొత్త చక్రం వేయించాం. మడత రోలర్ల ప్రెషర్ కాస్త పెంచాం. అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది మాత్రం కట్టలు కట్టి బరువు కింద పెట్టడం. సీజన్‌లో ఫోల్డింగ్ నుంచి దిగిన ఫారం దిగినట్టే ఫీడర్‌లోకి ఎక్కించేస్తారు. కట్టగట్టి బిగించి ఒక రాత్రి ఉంచితే వెన్ను ఎంత తేడాగా ఉంటుందో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. రాత్రి ఉంచడానికి టైము లేదనేవాళ్లకి నేను చెప్పేది, మొత్తం ఐదు ఫారాలూ ఉంచక్కర్లేదు, లోపలి ఫారం ముందు ప్రింట్ చేయించి ముందు మడత పెట్టించండి, అది ఒక్కటి బరువు కింద అణిగితే చాలు.

క్లించర్ తిప్పడం అనే మందు

ఇప్పుడు ఆ చీలిక సంగతి. పిన్ను మడతకి మిల్లీమీటరు పక్కన పడినంత మాత్రాన కాగితం ఊడదు, రంధ్రం ఉంది కాబట్టి పట్టుకునే ఉంటుంది. ఊడింది ఎందుకంటే క్లించర్ ప్రెషర్ విపరీతంగా ఉంది. అడుగు వైపు పిన్ను కాళ్లు లేస్తున్నాయని షిఫ్టు షిఫ్టుకీ క్లించర్‌ని ఇంకాస్త ఇంకాస్త బిగిస్తూ వచ్చారు. "బాబాయ్, ఇంకో పావు తిప్పు తిప్పితే పడుకుంటుంది" అనే మాట బైండింగ్‌లో పని చేసిన ప్రతివాళ్లూ విని ఉంటారు. మా మెషిన్ మీద రెండు క్లించర్లకీ ఎత్తు ఒకేచోట సెట్ అవుతుంది. అడుగు వైపు కోసం బిగిస్తే తల వైపు కూడా బిగుస్తుంది. తల వైపు పిన్ను కాళ్లు బాగానే ఉన్నా దాని క్లించర్ ఆ కాళ్లని నడిమి కాగితంలోకి దిగేసింది. 70 జీఎస్ఎం కాగితం అది తట్టుకోలేదు. ఒక జబ్బుకి వేసిన మందు రెండోదాన్ని పెంచింది అని మొదట్లో అన్నది ఇదే.

క్లించర్ ఎంత ఉండాలి? కాళ్లు కాగితానికి ఆనుకుని పడుకోవాలి, కాగితంలో గాడి పడకూడదు. మేం చూసే పద్ధతి: విప్పిన పుస్తకం మీద, పిన్ను మీదుగా బనియన్ వేస్ట్ ముక్క ఒకటి లాగడం. పోగు పట్టుకుంటే కాలు లేచి ఉన్నట్టు. పట్టుకోకపోతే, ఆ కాగితాన్ని వెనక నుంచి చూడాలి, అంటే 42వ పేజీ వైపు కాలు ఆకారం ఉబ్బెత్తుగా కనపడుతోందా అని. కనపడితే ప్రెషర్ ఎక్కువ. రెండు పరీక్షల్లోనూ నెగ్గితేనే మెషిన్ వదలాలి. పుస్తకం పట్టుకునేది ఆరేడేళ్ల పిల్లలు, పిన్ను కాలు వాళ్ల వేలికి తగలడం అనేది క్వాలిటీ షీట్‌లో టిక్కు పెట్టే విషయం కాదు.

అడుగు వైపు హెడ్

ఈ హెడ్‌కి కూడా అందరూ క్లించరే కారణమనుకున్నారు. క్లించర్‌ని అడిగే ముందు అసలు క్లించర్ దగ్గరికి వచ్చే పిన్ను ఎలా ఉందో చూడాలి. దీనికి ఒక్కటే దారి: క్లించర్‌ని పనిచేయకుండా కిందకి దించి, గొలుసు మీద ఒక పుస్తకం ఉంచి, చేతి చక్రంతో మెల్లగా తిప్పుతూ ఒక పిన్ను వేసి, పుస్తకాన్ని నెమ్మదిగా పైకి తీయడం. అప్పుడు రెండు కాళ్లూ మడవకుండా నిలబడి కనపడతాయి. కరెంటు మెయిన్ ఆపేసి మాత్రమే ఇది చేయాలి. మెషిన్ని కొంచెం కొంచెం తిప్పే జాగ్ బటన్ మీద వేలు ఉంచి రెండో చేత్తో పుస్తకం తీసేవాళ్లని చూశాను, ఒక్కసారి చేయి తగిలితే వైరు వేలి ఎముక దాకా పోతుంది.

మంచి పిన్నుకి రెండు కాళ్లూ నిటారుగా, సమానంగా, కొసలు శుభ్రంగా తెగి ఉంటాయి. మా జాబులో లెక్క ఇలా: వెన్ను దగ్గర 20 కాగితాలు, మీద కవరు, మొత్తం దాదాపు 2 మిల్లీమీటర్ల మందం. లోపల మడిచి పడుకోవడానికి 3.5 మిల్లీమీటర్లు. కాబట్టి కాలు ఒక్కోటీ 5.5. పైన కిరీటం, అంటే వెన్ను మీద కనపడే అడ్డ భాగం, 13. మొత్తం ఒక్క పిన్నుకి 24 మిల్లీమీటర్ల వైరు. మేం తీసిన పిన్నుల్లో కొన్ని అచ్చంగా ఇలాగే ఉన్నాయి. కొన్నిటికి మాత్రం ఒక కాలు మిల్లీమీటరు పైగా పొట్టిగా ఉంది, పొట్టి కాలు బయటికి విల్లులా వంగి ఉంది. పొట్టి కాలు క్లించర్ గాడిలో సరిగ్గా దొరకదు, లేచి నిలబడుతుంది. దానికి క్లించర్ ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు.

అన్నీ చెడితే సెట్టింగ్ తప్పు అనుకోవచ్చు. కొన్నే చెడుతున్నాయంటే ఏదో తిరుగుతూ తిరుగుతూ ఒక చోట పట్టేస్తోంది. పుస్తకాలు బయటికొచ్చే డెలివరీ దగ్గర వాటిని వరుస చెదరకుండా పేర్చి, ఒక్కోటీ విప్పి చూసుకుంటూ పోయాం. చెడ్డవి రెండో మూడో పక్కపక్కనే వస్తున్నాయి, తర్వాత మంచివి, మళ్లీ చెడ్డవి. ఒక చెడ్డ గుంపు నుంచి తర్వాతి చెడ్డ గుంపుకి సుమారు 20 పుస్తకాలు. పిన్నుకి 24 మిల్లీమీటర్లంటే 20 పుస్తకాలకి 48 సెంటీమీటర్ల వైరు. వైరు స్పూలు దగ్గరికెళ్లి చుట్టూ టేపు పెట్టి కొలిస్తే దాదాపు అర మీటరు. అంటే స్పూలు ఒక్క చుట్టు తిరిగేసరికి ఒకసారి ఎక్కడో పట్టేస్తోంది.

స్పూలు దింపి చూస్తే ఒక పక్క అంచు కొంచెం వంగి ఉంది, దింపేటప్పుడు ఎవరో కింద వేసి ఉంటారు. ఆ వంగిన భాగం బ్రాకెట్‌కి రాసుకునే చోట వైరు బిగుసుకుంటోంది, హెడ్‌లోని ఫీడ్ ఆ బిగువుని లాగలేక జారుతోంది, వైరు తక్కువ వస్తోంది. తక్కువ వచ్చిన వైరు దాన్ని వంచే బెండర్‌లో మధ్యకి ఉండదు, కాబట్టి ఒక కాలు పొట్టి. ఇంత పెద్ద మెషిన్‌ని ఒక వంగిన రేకు అంచు ఇబ్బంది పెట్టింది. అదే స్పూలు తల వైపు హెడ్‌కి మార్చి పెడితే జబ్బు తల వైపుకి వెళ్లింది. దాంతో అనుమానం లేకుండా తేలిపోయింది.

విల్లులా వంగడం మాత్రం వేరే సంగతి. స్పూలు నుంచి వచ్చే వైరుకి చుట్ట వంపు ఉంటుంది, దాన్ని సరిచేసే చిన్న రోలర్ల వరుస హెడ్‌కి ముందు ఉంటుంది. స్పూలు మార్చినప్పుడల్లా, ముఖ్యంగా వైరు లాటు మారినప్పుడల్లా, ఆ రోలర్లని మళ్లీ సెట్ చేయాలి. చూసే పద్ధతి తేలిక: రోలర్లు దాటిన వైరుని ఒక అడుగు బయటికి లాగి కోసి, బల్ల మీద వదిలేయడం. చదునుగా, తిన్నగా పడుకోవాలి. కొస లేస్తే గానీ చుట్టుకుంటే గానీ రోలర్లు సరిచేయాలి. రోలర్లకి ముందున్న ఫెల్టు ముక్క ఎండిపోయి ఉంది, దానికి రెండు చుక్కల ఆయిలు. ఎక్కువ వేస్తే పుస్తకం వెన్ను మీద నూనె మరకలు పడతాయి, అది ఇంకో కంప్లయింటు.

కటర్ కూడా మార్చాం. కొసల్ని భూతద్దంలో చూస్తే శుభ్రంగా తెగకుండా చిన్న కొక్కెంలా మిగిలి ఉన్నాయి. కొక్కెం ఉన్న కొస కాగితంలోంచి దిగేటప్పుడు పక్కకి లాగుతుంది, వంపు దానివల్ల కూడా పెరుగుతుంది. కటర్, బెండర్, పిన్నుని కాగితంలోకి దించే డ్రైవర్ ఈ మూడూ అరిగే సామాన్లే, ఒక సెట్ ఎప్పుడూ అల్మారాలో ఉండాలి. మన దగ్గర చాలా మెషిన్ల మీద ఉండేవి జర్మనీ టుట్లింగెన్‌లోని హోనర్ వాళ్ల హెడ్లు, వాటి స్పేర్లు దొరుకుతాయి. పాత హైడెల్‌బర్గ్ స్టిచ్చింగ్ మెషిన్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, 2014లో ఆ మెషిన్ల సర్వీసూ స్పేర్లూ ముల్లర్ మార్టిని కంపెనీ చేతికి వెళ్లాయి, కాబట్టి సామాన్ల కోసం అటు అడగాలి.

వైరు దగ్గర మిగుల్చుకోవద్దు

ఈ జాబుకి 25 నంబరు వైరు, అంటే ఇంచుమించు అర మిల్లీమీటరు. 80 పేజీలకి సరిపోతుంది. కాళ్లు లేస్తున్నాయని లావు వైరు వేద్దామన్నారు, లావు వైరు వేస్తే నడిమి కాగితం ఇంకా త్వరగా చిరుగుతుంది. ఒక లెక్క చెప్తాను. పుస్తకానికి 48 మిల్లీమీటర్ల చొప్పున 60 వేల పుస్తకాలకి 2,880 మీటర్లు. అర మిల్లీమీటరు స్టీలు వైరు మీటరు ఒకటిన్నర గ్రాముల బరువుంటుంది. టైటిల్ మొత్తానికి నాలుగున్నర కిలోలు కూడా కాదు! టన్నుల కాగితం మీద ఖర్చు పెట్టి, నాలుగున్నర కిలోల వైరు దగ్గర కిలోకి ఇంత తక్కువని పూత సరిగ్గా లేని వైరు తెచ్చేవాళ్లున్నారు. కోస్తాలో వానాకాలం వచ్చేసరికి ఆ పిన్నులు తుప్పు పట్టి వెన్ను మీద గోధుమ రంగు మరక దిగుతుంది, తుప్పు పట్టిన చోట కాగితం కూడా పెళుసైపోతుంది. జింకు పూత సరిగ్గా ఉన్న వైరే కొనండి.

వెతుకుతుంటే బయటపడిన ఇంకోటి

వాపసు వచ్చిన పుస్తకాల్లో పిన్నులు రెండూ బాగానే ఉన్న కొన్ని పుస్తకాలు కలిసి వచ్చాయి. ఎందుకు పంపారా అని చూస్తే 9 నుంచి 16 పేజీలు రెండేసి సార్లు ఉన్నాయి, 17 నుంచి 24 లేవు. రెండో ఫారం కట్ట ఒకటి మూడో ఫీడర్‌లోకి ఎక్కింది. రాత్రి షిఫ్టులో, సగం వెలుతురులో, ఐదు ఫారాలూ ఒకేలా తెల్లగా ఉంటే ఇది జరగడం ఆశ్చర్యం కాదు.

"క్యాలిపర్ ఉంది కదా, ఎలా పోయాయి?" అని పార్టీ అడిగారు. క్యాలిపర్ కొలిచేది మందం. ఒక ఫారం పడకపోయినా, రెండు పడినా పట్టుకుంటుంది, పుస్తకాన్ని పక్కకి తోసేస్తుంది. ఐదు ఫారాలూ 16 పేజీలవే అయినప్పుడు ఒకదాని బదులు ఇంకోటి పడితే మందం అంతే ఉంటుంది, దానికి తేడా తెలియదు. కొత్త మెషిన్లలో ప్రతి ఫీడర్ మీదా కెమెరా ఉంటుంది, అది పేజీ చూసి చెప్తుంది. కెమెరా లేనివాళ్లకి ఖర్చు లేని దారి ఒకటి ఉంది. ప్రతి ఫారానికీ తల వైపు, ట్రిమ్మర్‌లో కోసుకుపోయే చోట, ఒక నల్ల గుర్తు ప్లేటులోనే వేయించాలి, ఒక్కో ఫారానికి ఒక్కో చోట. కట్ట కట్టాక తల మీద చూస్తే ఆ గుర్తులన్నీ కలిసి ఒక గీతలా కనపడతాయి. మూడో ఫీడర్ పక్కన మూడో ఫారం గీత ఎక్కడుండాలో పెయింటుతో గుర్తు పెడితే, తప్పు కట్ట చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. వర్క్‌బుక్కులకి ఇది చేయించకుండా ప్లేట్లు తీసుకోవద్దనే నేను చెప్తాను.

క్యాలిపర్ గురించి ఇంకో మాట. షిఫ్టు మొదట్లో ఒక ఫీడర్‌ని కావాలని ఆపి, ఒక ఫారం లేని పుస్తకాన్ని మెషిన్ బయటికి తోస్తోందో లేదో చూడాలి. లైటు వెలుగుతోంది కదా అని నమ్మడం కాదు.

క్రీప్ గురించి పార్టీ అడగలేదు గానీ చూసి పెట్టుకున్నాం. ఒకదానిలో ఒకటి దూర్చిన 20 కాగితాల్లో నడిమిది బయటిదానికన్నా దాదాపు రెండు మిల్లీమీటర్లు ముందుకి పొడుచుకొస్తుంది, ట్రిమ్మర్ దాన్ని కోసేస్తుంది. వర్క్‌బుక్కుల్లో జవాబు రాసే గీతలు అంచు దాకా ఉంటాయి కాబట్టి మధ్య పేజీల్లో మార్జిన్ సన్నబడి కనపడుతుంది. డిజైన్‌వాళ్లు ఫారం ఫారానికీ పేజీని కొంచెం కొంచెం వెన్ను వైపు జరిపితే సరి. ఈ జాబులో అది చేసే ఉన్నారు.

వాపసు వచ్చిన సరుకు

అడుగు వైపు గుట్టని బాగు చేయడం తేలికే. చెడ్డ పిన్ను పీకి, పుస్తకాన్ని సరిగ్గా తట్టి, సింగిల్ హెడ్ మెషిన్ మీద అవే రంధ్రాలకి కాస్త పక్కన కొత్త పిన్ను వేశాం. పాత రంధ్రంలోనే వేస్తే పట్టు ఉండదు. మళ్లీ కట్టింగ్ అక్కర్లేదు.

తల వైపు గుట్ట అలా కుదరదు. నడిమి కాగితం చిరిగిపోయింది, దాని మీద ఎంత మంచి పిన్ను వేసినా రెండో నెలలో మళ్లీ ఊడుతుంది. సెల్లో టేపు వేసి పంపిద్దామనే మాట కూడా వచ్చింది, నేను ఒప్పుకోలేదు. సంవత్సరం పొడుగునా పిల్లలు రాసుకునే పుస్తకం అది. రెండు పిన్నులూ తీసి, లోపలి ఫారం పారేసి, వేస్టేజీ కింద అదనంగా వేసిన 33 నుంచి 48 ఫారాల్లోంచి మంచివి ఏరి, చేత్తో దూర్చి మళ్లీ పిన్ను వేశాం. వాటికి మాత్రం మూడు అంచులూ మళ్లీ కోయాల్సి వచ్చింది, కొత్త ఫారం కోయనిది కాబట్టి. పుస్తకం ఒకటి రెండు మిల్లీమీటర్లు చిన్నదైంది, పార్టీకి ముందే చూపించి సరే అనిపించుకున్నాకే మిగతావి చేశాం.

మిగిలిన టైటిల్స్‌కి క్లించర్ ఎత్తు తిరిగి మొదటి గుర్తు దగ్గరికి తెచ్చాం, అక్కడే పెయింటుతో గీత పెట్టాం. ఆ గీత దాటి తిప్పాలంటే షిఫ్టు సూపర్‌వైజర్‌ని పిలవాలి, పిలిచేముందు మడవని పిన్ను ఒకటి తీసి చూపించాలి. స్పీడు గంటకి 6 వేల దగ్గర ఉంచాం. గంటకోసారి వరుసగా 25 పుస్తకాలు తీసి 40, 41 దగ్గర విప్పి చూడమని డెలివరీ అమ్మాయిలకి చెప్పాం. వరుసగా అనేది ముఖ్యం, ఎందుకంటే స్పూలు ఒక చుట్టు మొత్తం అందులో రావాలి. అక్కడొకటి ఇక్కడొకటి తీసి చూసే అలవాటు ఉన్నంత కాలం 20 పుస్తకాలకి ఒకసారి వచ్చే జబ్బు ఎవరి కంటికీ పడలేదు.

గ్రెయిన్ సంగతి మాత్రం ఆ సీజన్‌కి మా చేతిలో లేదు, కాగితం అప్పటికే వచ్చేసింది. తర్వాతి ఆర్డరుకి పార్టీ కాగితం కొనేముందు షీటు ఏ వైపు గ్రెయిన్‌తో రావాలో రాసి ఇచ్చాం. మిల్లు నుంచి అలా తెప్పించడానికి ఇంకాస్త ముందుగా ఆర్డరు పెట్టాలన్నారు, వాళ్లు జనవరిలోనే పెట్టారు.